రాజును దించారు, వంశాన్ని నిలిపారు



కొరియా దేశాన్ని జోసన్ రాజవంశం 1392 నుంచి 1910 వరకు ఏలింది. 518 ఏళ్ళు, 27 మంది రాజులు, అందరిదీ ఒకటే ఇంటిపేరు: యీ. చివరి పదమూడేళ్ళలో రాజ్యాన్ని సామ్రాజ్యమన్నారు, రాజును చక్రవర్తి అన్నారు, గద్దె మాత్రం ఆ ఇంటి చేయి దాటలేదు. ఇదే కాలంలో పక్కనున్న చైనాలో మింగ్ వంశం కూలి చింగ్ వంశం వచ్చింది. జపానులో అషికాగా షోగన్లు పోయారు, ఏళ్ళ తరబడి అంతర్యుద్ధం నడిచింది, తొకుగావా షోగన్లు వచ్చారు, వాళ్ళూ పోయారు. కొరియాలో మాత్రం ఒక్క కుటుంబం ఇంతకాలం ఎలా నిలబడింది? వారసత్వ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించి ఉంటారు, అందువల్ల గొడవలు లేకుండా సాగిపోయి ఉంటుంది అని ముందుగా ఎవరికైనా తోస్తుంది. చరిత్ర తిరగేస్తే సంగతి వేరుగా ఉంది. ఈ ఇంట్లో అన్నదమ్ములు కత్తులు దూసుకున్నారు, పినతండ్రి అన్న కొడుకును దించి చంపించాడు, మంత్రులు రెండుసార్లు రాజునే గద్దె దింపారు. నియమం నిలిచిన సందర్భాల కన్నా తప్పిన సందర్భాలే ఎక్కువ. నేను చెప్పదలచుకున్నది ఇది: రాజును మార్చడానికి ఆ వ్యవస్థలో ఒక దారి ఉంది. ఆ దారి తెరిచి ఉన్నంతకాలం రాజవంశాన్నే మార్చాలన్న పట్టుదల పెద్ద కుటుంబాలకు రాలేదు. ఆ దారిని ఒక ఇంటివాళ్ళు తమ పెరటి దారి చేసుకున్నాక, పైకి అంతా ప్రశాంతంగా కనిపించిన రోజుల్లోనే, వంశం లోపల గుల్లబారింది.

ముందు నియమం ఏమిటో చూద్దాం. జోసన్ రాజ్యం కన్ఫ్యూషియస్ ధర్మం మీద కట్టుకున్న రాజ్యం. ఆ ధర్మం ప్రకారం పట్టపురాణికి పుట్టిన పెద్దకొడుకే వారసుడు. పితృదేవతలకు అర్చన చేసే అధికారం అతనిది కాబట్టి రాజ్యమూ అతనిదే. 27 మందిలో ఈ లెక్కకు సరిపోయేవాళ్ళు ఏడుగురేనని సాధారణంగా చెబుతారు: మున్‌జోంగ్, దాన్‌జోంగ్, యన్‌సాన్, ఇన్‌జోంగ్, హ్యన్‌జోంగ్, సుక్‌జోంగ్, సున్‌జోంగ్. వీళ్ళ జాతకాలు చూడండి. మున్‌జోంగ్ రెండేళ్ళు దాటగానే కన్నుమూశాడు. దాన్‌జోంగ్‌ను పదహారేళ్ళ వయసులో చంపారు. యన్‌సాన్‌ను మంత్రులు దించేశారు. ఇన్‌జోంగ్ ఏడాదైనా ఏలలేదు. సున్‌జోంగ్ కాలంలో రాజ్యమే పోయింది. హ్యన్‌జోంగ్ పదిహేనేళ్ళు నెట్టుకొచ్చాడు. నిండుగా 46 ఏళ్ళు ఏలినవాడు సుక్‌జోంగ్ ఒక్కడే. మరి ఆ వంశానికి పేరు తెచ్చినవాళ్ళు ఎవరు? కొరియా లిపి హంగుల్‌ను రూపొందించిన సేజోంగ్ మూడో కొడుకు. అందరికన్నా ఎక్కువగా 52 ఏళ్ళు ఏలిన యంగ్‌జో తల్లి అంతఃపురంలో ఊడిగం చేసిన మనిషి. సంస్కర్తగా పేరుపొందిన జంగ్‌జో తండ్రి అసలు గద్దె ఎక్కనే లేదు. అంటే నియమం చెప్పినట్టు వచ్చినవాళ్ళలో చాలామంది నిలవలేదు, నిలిచినవాళ్ళలో చాలామంది నియమం ప్రకారం రాలేదు. వంశాన్ని నిలిపింది నియమం కాదన్నమాట. నియమం తప్పిన ప్రతిసారీ, ఎందుకు తప్పిందో నలుగురికీ జవాబు చెప్పుకోవాల్సి రావడమే దాన్ని నిలిపింది.

వంశస్థాపకుడు యీ సంగ్యే సేనాపతి. పాత గొర్యో రాజ్యాన్ని పడగొట్టి 1392లో రాజయ్యాడు. పెద్ద భార్య కొడుకులు యుద్ధాల్లో తోడు నిలిచి ఎదిగినవాళ్ళు. ఆయన వాళ్ళను కాదని చిన్న భార్య చిన్నకొడుకును యువరాజును చేశాడు. 1398లో ఐదో కొడుకు బాంగ్‌వన్ తిరగబడి, ఆ యువరాజునూ అతని తోబుట్టువునూ, కొత్త రాజ్యానికి రూపురేఖలు దిద్దిన మంత్రి జంగ్ దోజన్‌నూ చంపించాడు. సైన్యం తన చేతిలో ఉంది, ఎదురు చెప్పేవాడు లేడు. అయినా అతను వెంటనే గద్దె ఎక్కలేదు. అన్నల్లో ఒకణ్ణి రాజుగా కూర్చోబెట్టాడు. 1400లో ఇంకో అన్నతో పోరు ముగిశాక, ఆ రాజు చేత వారసుడిగా ప్రకటింపజేసుకుని, అప్పుడు తేజోంగ్ అనే పేరుతో రాజయ్యాడు. కత్తితో గెలిచినవాడు రెండేళ్ళు ఎందుకు ఆగాడు? తమ్ముణ్ణి చంపి తండ్రి గద్దె లాక్కున్నాడన్న మాట పడకుండా, వారసత్వపు వరస సరిచేసుకుని రావడానికి. రాజ్యం పుట్టిన ఆరేళ్ళకే ఇంత జాగ్రత్త అవసరమైందంటే, బలం ఒక్కటే చాలదన్న ఎరుక అప్పటికే ఆ కొలువులో ఉందని అర్థం. 1400లో వారసుడయ్యాక, రాజు కాకముందే ఆయన చేయించిన పనుల్లో ఒకటి రాజకుమారుల, ప్రభువుల సొంత సైన్యాలను రద్దు చేయడం. తాను ఎక్కిన నిచ్చెనను తానే తీసేశాడు. బావమరుదులను, తరవాత కొడుకు మామగారినీ కూడా బతకనివ్వలేదు. ఆయన భయం అత్తింటివాళ్ళ గురించి. ఆ భయం ఎంత నిజమో నాలుగు వందల ఏళ్ళ తరవాత తేలింది.

ఈ తేజోంగే 1418లో పెద్దకొడుకు యాంగ్‌న్యంగ్‌ను యువరాజ పదవి నుంచి తొలగించాడు. కారణం అతని దుర్వర్తన. పెద్దవాడు పోతే పెద్దవాడి కొడుకు రావాలన్నారు కొందరు మంత్రులు, అర్హుణ్ణి ఎంచుకోవాలన్నారు ఇంకొందరు. చివరికి చదువు మీద మనసున్న మూడో కొడుకు వచ్చాడు. అతనే సేజోంగ్. ఇక్కడ గమనించవలసిన మనిషి హ్వాంగ్ హుయ్ అనే మంత్రి. పెద్దకొడుకును తప్పించడం ధర్మం కాదని ఆయన అడ్డుపడ్డాడు, రాజు ఆయన్ను ప్రవాసానికి పంపాడు. నాలుగేళ్ళకు ఆ రాజే, ఈ మనిషి పనికొస్తాడు, పిలిపించుకో అని కొడుక్కి చెప్పాడు. తన పట్టాభిషేకానికి అడ్డుపడిన మనిషిని సేజోంగ్ పిలిపించుకుని, ఆ తరవాత 18 ఏళ్ళు ప్రధానమంత్రిగా ఉంచుకున్నాడు. వారసత్వం మీద రాజుతో విభేదించడం అక్కడ ప్రమాదమే, కానీ ప్రతిసారీ ద్రోహం కాలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఇవన్నీ పైపై మాటలు, కర్ర ఉన్నవాడిదే బర్రె, గెలిచినవాడు తరవాత ఏదో ఒక సమర్థన అల్లుకుంటాడు అని. ఈ అభ్యంతరానికి బలమైన ఉదాహరణ సేజోంగ్ ఇంట్లోనే ఉంది. ఆయన మనవడు దాన్‌జోంగ్ 1452లో పదేళ్ళకు రాజయ్యాడు. మరుసటి ఏడాది పినతండ్రి సుయాంగ్ పెద్ద మంత్రులను చంపించి అధికారం చేజిక్కించుకున్నాడు. 1455లో పిల్లవాడి చేత గద్దె వదిలించి సేజో పేరుతో తానే రాజయ్యాడు. 1456లో దాన్‌జోంగ్‌ను మళ్ళీ నిలబెట్టాలని ప్రయత్నించినందుకు సంగ్ సామ్‌మున్ వంటి పండితులను చిత్రహింసలు పెట్టి చంపారు. హంగుల్ తయారీలో సేజోంగ్‌కు తోడున్న పండితుడు ఆయన. 1457లో దాన్‌జోంగ్‌ను కూడా, దూరాన యంగ్‌వల్ అనే కొండప్రాంతంలో ప్రవాసంలో ఉండగా, చంపేశారు. కర్ర గెలిచింది, నిజమే. కానీ కథ అక్కడ ఆగలేదు. సంగ్ సామ్‌మున్‌ను, ఆయన సహచరులను ప్రాణమిచ్చిన ఆరుగురు మంత్రులుగా చదువుకున్నవాళ్ళు తరతరాలు తలుచుకున్నారు. 1691లో వాళ్ళకు పదవులు, గౌరవాలు తిరిగి ఇచ్చారు. 1698లో, రాజు హోదా కూడా లేకుండా చచ్చిపోయిన దాన్‌జోంగ్‌కు రాజుగా పేరు, పూజామందిరంలో చోటు దక్కాయి. ఇది చేసినవాడు ఎవరు? సుక్‌జోంగ్, అంటే ఆ సేజో వంశంలో పుట్టినవాడే. గద్దె కాజేసినవాడి సంతానం, గద్దె పోగొట్టుకున్న పిల్లవాణ్ణి రాజుగా ఒప్పుకోవాల్సి వచ్చింది. 241 ఏళ్ళు పట్టింది, కానీ తీర్పు తిరగబడింది. గెలిచినవాడి సమర్థనే చివరి మాట అయితే ఇది జరిగేది కాదు.

ఇక మంత్రులు రాజును దించిన రెండు సందర్భాలు. యన్‌సాన్ తల్లిని ఆయన తండ్రి పట్టపురాణి పదవి నుంచి తొలగించి, 1482లో విషమిచ్చి చంపించాడు. కొడుకు 1494లో రాజయ్యాడు. 1498లోనూ 1504లోనూ పండితులను ఊచకోత కోశాడు. రెండోది తల్లి చావుకు కారకులంటూ జరిపింది. 1506లో మంత్రులు, సేనానులు కలిసి ఆయన్ను దించి, సవతి తమ్ముణ్ణి నిలబెట్టారు. దానికి రాజమాత అనుమతి తీసుకున్నారు. రెండోవాడు గ్వాంగ్హే. ఉపపత్ని కొడుకు. 1592లో జపాను సైన్యాలు దేశం మీద పడ్డప్పుడు హడావిడిగా యువరాజును చేశారు. 1608లో రాజయ్యాడు. పట్టపురాణికి పుట్టిన పసివాడైన సవతి తమ్ముడు ఇన్మోక్ అనే రాజమాత ఒడిలో ఉండటం ఆయన పక్షం వాళ్ళకు నిద్రపట్టనివ్వలేదు. 1614లో ఆ పిల్లవాణ్ణి చంపారు. 1618లో రాజమాత హోదా తీసేసి ఆమెను పడమటి మహల్లో బంధించారు. 1623లో గ్వాంగ్హే సవతి తమ్ముడి కొడుకు ఒకడు, తరవాత ఇంజో అనిపించుకున్నవాడు, సైన్యంతో రాత్రికి రాత్రి రాజభవనం పట్టుకున్నాడు.

ఆ తరవాత జరిగిన ఘట్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి. భవనం చేతికి వచ్చింది, పాత రాజు పారిపోయాడు, ఎదిరించే సైన్యం లేదు. అయినా ఇంజో రాజు కాలేదు. ఐదేళ్ళుగా బందీగా ఉన్న ఆ విధవరాలి దగ్గరికి మనుషులను పంపాడు. ఆమె ఒప్పుకోలేదు. తానే వెళ్ళి వాకిట్లో నిలబడాల్సి వచ్చింది. ముందు రాజముద్ర తెచ్చి నా చేతిలో పెట్టండి అందామె. ముద్ర ఆమె చేతికి వెళితే ఏం చేస్తుందోనని వెంట వచ్చిన వాళ్ళు తటపటాయించారు. చివరికి ఇచ్చారు. ఆమె దాన్ని పుచ్చుకుని, ఆ తరవాత తన చేతులతో అతనికి ఇచ్చింది. గ్వాంగ్హే తల కావాలని కూడా అడిగింది, అది మాత్రం వాళ్ళు ఒప్పుకోలేదు. గ్వాంగ్హే ప్రవాసంలో మరో 18 ఏళ్ళు బతికి 1641లో జేజు దీవిలో చనిపోయాడు. చేతిలో కత్తి లేని ఒక స్త్రీ ముందు, కత్తులున్నవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డ దృశ్యం ఇది. ఆమె చేతి మీదుగా వస్తే అది వారసత్వం, లేకపోతే దోపిడీ. ఆ తేడా వాళ్ళందరికీ తెలుసు. గ్వాంగ్హే మీద మోపిన ముఖ్యమైన నేరాలు కూడా చేతకానితనానికి సంబంధించినవి కావు. తల్లి వరసైన ఆమెను బంధించాడు, తమ్ముణ్ణి చంపాడు, మింగ్ చక్రవర్తి పట్ల కృతజ్ఞత మరిచాడు అన్నవే. అంటే రాజును దించాలన్నా ధర్మం పేరు మీదే దించాలి. అలా దించినప్పుడు తప్పు ఆ ఒక్క మనిషిది అవుతుంది, వంశానికి అంటదు. కొత్త రాజు అదే ఇంట్లోంచి వస్తాడు. వంశాన్ని కాపాడిన కిటుకు ఇదే.

ఈ జవాబుదారీతనానికి ఇంకో కాపలాదారు కొలువులో రాసుకునే లేఖకుడు. రాజు ఎక్కడుంటే అక్కడ ఆయన ఉండి, విన్నదీ కన్నదీ రాసుకోవాలి. రాజు పోయాక ఆ రాతలన్నీ క్రోడీకరించి వృత్తాంతం తయారు చేస్తారు. దాన్ని కొత్త రాజు చదవకూడదు. తేజోంగ్ 1404లో వేటకు వెళ్ళి, లేడిని తరుముతూ గుర్రం మీంచి పడ్డాడు. దెబ్బ తగల్లేదు. లేచి అటూ ఇటూ చూసి, ఈ సంగతి లేఖకుడికి తెలియనివ్వకండి అన్నాడు. లేఖకుడు పడ్డ సంగతీ రాశాడు, రాయనివ్వకండి అన్న సంగతీ రాశాడు. అన్నదమ్ములను చంపి గద్దెకెక్కిన రాజు, ఒక రాతగాడి కలానికి జంకాడు. సేజోంగ్ అంతటివాడు తన తండ్రి వృత్తాంతం చూస్తానని 1431లో ఒకసారి, 1438లో ఒకసారి అడిగితే మంత్రులు కుదరదన్నారు, ఆయన ఊరుకున్నాడు. ఇలా 25 మంది రాజుల వృత్తాంతం, 472 ఏళ్ళది, 1,893 సంపుటాలుగా మిగిలింది. యునెస్కో 1997లో దాన్ని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. దించేసిన ఇద్దరు రాజులకు అందులో వృత్తాంతం అన్న పేరు దక్కలేదు, వాటిని దినచర్య అనే పిలిచారు. సియోల్‌లోని జోంగ్‌మ్యో అనే పితృమందిరంలో వాళ్ళకు నేటికీ చోటు లేదు. ఈ ఇద్దరినీ ఈనాటికీ రాజకుమారుల బిరుదుతోనే పిలుస్తారు. బతికినంతకాలం అధికారం ఉండవచ్చు, చచ్చాక పేరు మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది.

ఈ వాదాలు ఎంత దూరం వెళ్ళేవో 1659 నాటి తగువు చూపిస్తుంది. హ్యోజోంగ్ రాజు చనిపోయాడు. ఆయన సవతి తల్లి ఎంతకాలం మైల పట్టాలి? ఒక ఏడాదా, మూడేళ్ళా? పెద్దకొడుకు పోతే మూడేళ్ళు, ఇతర కొడుకులకైతే ఏడాది అన్నది శాస్త్రం. హ్యోజోంగ్ రెండోవాడు. ఆయన అన్న సోహ్యన్ చింగ్ కొలువులో బందీగా ఏళ్ళ తరబడి ఉండి, 1645లో తిరిగొచ్చిన కొద్ది కాలానికే చనిపోయాడు. ఆ అన్నకు కొడుకులున్నా తమ్ముడికి గద్దె ఇచ్చారు. కాబట్టి మూడేళ్ళు అంటే, రాజయ్యాడు గనక ఇతనే పెద్దకొడుకుతో సమానమని అర్థం. ఏడాది అంటే, రాజైనా రెండోవాడు రెండోవాడేనని అర్థం. సాంగ్ సియల్ అనే మహాపండితుడి పక్షం ఏడాది అంది, గెలిచింది. 1674లో హ్యోజోంగ్ భార్య పోయినప్పుడు ఇదే ప్రశ్న మళ్ళీ లేచింది. తొమ్మిది నెలలా, ఏడాదా? ఈసారి సాంగ్ పక్షం ఓడి అధికారం పోగొట్టుకుంది. దేశంలో కరువులు ఉండగా మైల గురించి ఈ కొట్లాట ఏమిటని నవ్వడం తేలిక. కొరియాను ఆక్రమించిన జపాను నాటి చరిత్రకారులు సరిగ్గా ఆ పనే చేశారు. ముఠా తగువులు కొరియావాళ్ళ రక్తంలోనే ఉన్నాయి, తమను తాము ఏలుకోలేరు అని సిద్ధాంతం చేశారు. నేను దీన్ని వేరుగా చూస్తాను. అన్న పిల్లలను తోసి తమ్ముడి శాఖ గద్దెకెక్కిన సంగతి మీద, సైన్యాలు కదలకుండా, పదిహేనేళ్ళ పాటు రాతపూర్వకంగా వాదించుకున్న కొలువు అది. పద్దెనిమిదేళ్ళ కుర్రరాజు హ్యన్‌జోంగ్ తండ్రి హక్కును రాజు ఎదుటే ప్రశ్నించగలిగారు. చాలా రాజ్యాల్లో ఆ ప్రశ్నకు జవాబు అంతర్యుద్ధమే.

ఇక అన్నిటికన్నా ఘోరమైనది 1762 నాటిది. యంగ్‌జో తన సొంత కొడుకు, యువరాజు సాదోను బియ్యం నిలవచేసే చెక్కపెట్టెలో పెట్టి మూయించాడు. నడి వేసవి. ఎనిమిది రోజులకు 27 ఏళ్ళ ఆ మనిషి ప్రాణం పోయింది. యువరాజుకు మతి చలించి మనుషులను చంపాడని ఆయన భార్యే తన జ్ఞాపకాల్లో రాసింది. కన్నకొడుకును ఇలా చంపడం ఎందుకు? నేరం మోపి విచారించి శిక్షిస్తే అతని కొడుకు నేరస్థుడి కొడుకు అవుతాడు, గద్దెకు పనికిరాడు. మిగిలిన వారసుడు ఆ పిల్లవాడు ఒక్కడే. కత్తీ విషమూ లేకుండా, తీర్పు లేకుండా చంపడానికి కారణం ఇదేనని చాలామంది చరిత్రకారుల వివరణ. ఆ పైన మనవణ్ణి, ఏనాడో చనిపోయిన పెద్దకొడుకుకు దత్తుణ్ణి చేశారు. ఆ మనవడే 1776లో జంగ్‌జో అయ్యాడు. సువాన్ దగ్గర కన్నతండ్రికి గొప్ప సమాధి కట్టించాడు, 1796 నాటికి అక్కడ హ్వాసంగ్ కోట లేపాడు, తల్లిని వెంటబెట్టుకుని 1795లో వైభవంగా ఊరేగింపు తీశాడు. కానీ తండ్రికి రాజబిరుదు మాత్రం ఇవ్వలేదు. ఇస్తే దత్తత అబద్ధమవుతుంది, తన గద్దెకు ఆధారం పోతుంది. ఆ బిరుదు 1899లో గానీ రాలేదు. ఈ పద్ధతి మనుషులను ఎంత నలిపేసిందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. వంశం నిలిచిందని చెప్పేటప్పుడు ఎంత వెల చెల్లించి నిలిచిందో కూడా చెప్పాలి.

1800లో జంగ్‌జో పోయాడు. అప్పటి నుంచి పట్టాభిషేకాలు ప్రశాంతంగా జరిగిపోయాయి. కత్తులు లేవు, గద్దె మీద ఏళ్ళ తరబడి సాగే వాదాలు లేవు. గద్దెకెక్కినవాళ్ళు మాత్రం పదేళ్ళ సున్‌జో, ఏడేళ్ళ హన్‌జోంగ్. వరసగా ముగ్గురు రాజులకు పట్టపురాణులు ఆన్‌దోంగ్ కిమ్ అనే ఒకే ఇంటి నుంచి వచ్చారు. 1849లో హన్‌జోంగ్ సంతానం లేకుండా పోయినప్పుడు, ఆ ఇంటి ఆడపడుచైన రాజమాత, గాంగ్‌హ్వా దీవిలో ప్రవాసపు బతుకు బతుకుతున్న 18 ఏళ్ళ కుర్రవాణ్ణి పిలిపించి చోల్‌జోంగ్ పేరుతో రాజును చేసింది. అతను చనిపోయిన రాజుకు వరసకు బాబాయి అవుతాడు. పితృకర్మ చేయవలసినవాడు కింది తరంవాడై ఉండాలన్న పద్ధతికి ఇది పూర్తి విరుద్ధం. పూర్వమైతే కొలువు అట్టుడికిపోయేది. ఈసారి 1851లో పితృమందిరపు క్రమం గురించి అభ్యంతరం లేవనెత్తిన వృద్ధమంత్రినీ, అతని పక్షంవాడని పేరుపడ్డ ప్రసిద్ధ లేఖన కళాకారుడు కిమ్ జంగ్‌హుయ్‌నూ ప్రవాసానికి పంపి, విషయం ముగించేశారు. అంటే ఎవరు రాజు కావాలన్న ప్రశ్న కొలువులోంచి ఒక ఇంటి వసారాలోకి వెళ్ళిపోయింది. తేజోంగ్ భయపడింది దీనికే. పదవులు అమ్ముకున్నారు, కొనుక్కున్నవాళ్ళు ఆ డబ్బు రైతు దగ్గర పిండుకున్నారు. 1811లో ఉత్తరాన తిరుగుబాటు, 1862లో జింజు నుంచి దక్షిణమంతా పాకిన రైతుల అలజడి. వారసత్వం ఎంత నిశ్శబ్దంగా సాగిందో రాజ్యం అంత బలహీనపడింది.

దీని మీద రెండు మూడు అభ్యంతరాలు వినాలి. చైనా అండ వల్లే ఈ వంశం నిలిచింది కదా అంటారు. చైనా చక్రవర్తి ఆమోదముద్ర జోసన్ రాజుకు కావలసిందే, నిజం. కానీ ఆ ముద్ర రాజును ఎంచలేదు. గ్వాంగ్హే పెద్దకొడుకు కాడని మింగ్ కొలువు ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు, అయినా అతను రాజయ్యాడు. అతన్ని దించింది సొంత మంత్రులు. చింగ్ వాళ్ళతో మంచిగా మెలిగిన సోహ్యన్‌కు గద్దె దక్కనే లేదు. పైగా 1644లో మింగ్ కూలిపోయాక కూడా జోసన్ మరో 266 ఏళ్ళు ఉంది. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఈ జవాబుదారీతనం అంతా భూములూ చదువులూ ఉన్న యాంగ్‌బాన్ కుటుంబాల మధ్య సంగతి, రైతుకీ బానిసకీ ఇందులో చోటెక్కడ అని. లేదు, ఒప్పుకోవాలి. మైల ఏడాదా మూడేళ్ళా అని వాదించిన పండితుల ఇళ్ళలో బానిసలు ఉన్నారు. రాజును మార్చే దారి పెద్దలకే ఉంది, అందుకే పెద్దలకు ఈ వంశం అక్కరకొచ్చింది. 1894లో దోంగ్‌హాక్ ఉద్యమపు రైతులు ఆయుధం పట్టింది తమ మాట వినిపించే దారి ఏదీ లేకనే. ఇది నా వాదానికి హద్దు గీస్తుంది, దాన్ని కొట్టిపారేయదు.

మూడోది, వంశాన్ని కూల్చింది జపాను సామ్రాజ్యవాదం కదా, వారసత్వంతో ఏం పని అన్నది. కూల్చింది జపానే, సందేహం లేదు. 1894, 1904 సంవత్సరాల్లో మొదలైన రెండు యుద్ధాల్లో చైనానూ రష్యానూ ఓడించి, 1895లో రాజు గోజోంగ్ భార్య, రాణి మిన్‌ను రాజభవనంలోనే హత్య చేయించి, 1905లో కొరియాను రక్షిత రాజ్యం చేసుకుని, 1907లో గోజోంగ్‌ను గద్దె దింపి, 1910 ఆగస్టులో దేశాన్ని కలిపేసుకుంది. ఆ నేరం దానిదే. కానీ ఆ పోటు తగిలేనాటికి గద్దె ఎలా ఉంది? గోజోంగ్‌ను పదకొండేళ్ళ వయసులో ఒక రాజమాత దత్తత తీసుకుని రాజును చేసింది. కన్నతండ్రి ఒకవైపు, భార్య పుట్టింటివాళ్ళు ఒకవైపు, పాతికేళ్ళు లాగారు. 1907లో రాజును మార్చింది జోసన్ చరిత్రలో మొదటిసారిగా కొరియా మంత్రులూ రాజమాతా కాదు, పరాయి ప్రభుత్వం. దానికి సంతకాలు పెట్టడానికి కొందరు మంత్రులు సిద్ధంగా ఉన్నారు, అడ్డుపడే వ్యవస్థ మాత్రం మిగల్లేదు.

ఈ మధ్య కొరియా చారిత్రక సీరియళ్ళు మన ఇళ్ళలోకీ వచ్చాయి. వాటిలో విషపు గిన్నెలు, ప్రవాసాలు, రాణుల కన్నీళ్ళు చూసి ఇదంతా కుట్రల చరిత్ర అనుకోవడం సహజం. కుట్రలు ఉన్నాయి. వాటి చుట్టూ ఆ కుట్రకు జవాబు చెప్పమని నిలదీసిన మంత్రి, ముద్ర చేతిలో పెట్టమన్న రాజమాత, గుర్రం మీంచి పడ్డ సంగతి రాసిన లేఖకుడు కూడా ఉన్నారు. వాళ్ళ వల్లే ఆ ఇల్లు 518 ఏళ్ళు నిలిచింది. వాళ్ళ నోళ్ళు మూతపడ్డాక మిగిలిన గద్దెను కొరియా ప్రజలు మళ్ళీ కోరుకోలేదు. 1919లో గోజోంగ్ అంత్యక్రియల వేళ లక్షలాదిగా వీధుల్లోకి వచ్చి స్వాతంత్ర్యం అడిగారు. మరుసటి నెల షాంఘైలో ఏర్పరచుకున్న తాత్కాలిక ప్రభుత్వాన్ని మాత్రం గణతంత్రమనే ప్రకటించారు. దక్షిణ కొరియాలో 1948 రాజ్యాంగం అదే ఖాయం చేసింది. పాలకుణ్ణి మార్చే దారి పెద్దల చేతిలోంచి జనం చేతికి రావాలని ఆ రెండు ప్రకటనల అర్థం.